గెలిస్తే నేను, ఓడితే ఖర్మ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చూస్తే మీరంతా ముందే మాట్లాడుకుని రాశారా అనిపించింది, ఎక్కువ భాగం కర్మ గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపేశాను, పేర్లు తీసేశాను. ఒక మాట ముందే చెప్తున్నా, ఇద్దరు ముగ్గురు "గురువుగారూ" అని మొదలుపెట్టారు, ఆ గురువుని నేను కాదండీ బాబూ, ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. చదువుకున్నదీ, నాలో నేను ఆలోచించుకున్నదీ చెప్తాను. నచ్చకపోతే మళ్ళీ రాయండి, తిడుతూ రాసినా వేస్తాం.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో ఏం జరిగినా "అంతా కర్మ, అలా రాసిపెట్టుంది" అంటారు. కర్మ అన్నా తలరాత అన్నా ఒకటేనా? అన్నీ ముందే రాసి ఉంటే నేను పోటీ పరీక్షల కోసం ఇలా రాత్రింబవళ్ళు చదవడం ఎందుకు?

జవాబు: మనవాళ్ళు ఒక తమాషా చేశారు గమనించారా, పని అనే అర్థంలో కర్మ అన్నారు, అదే దురదృష్టం అనాల్సి వచ్చేసరికి దానికో వత్తు తగిలించి ఖర్మ చేశారు. "నా ఖర్మ" అని నుదురు కొట్టుకునేవాళ్ళని రోజూ చూస్తాం, "ఇది నా కర్మ" అని తన చేతుల వైపు చూసుకునేవాళ్ళు ఎక్కడా కనపడరు. అసలు మాట "కృ" అనే ధాతువు నుంచి వచ్చింది, చేయడం అని, అంతే, అందులో ఏడుపేమీ లేదు. బళ్ళో కర్త కర్మ క్రియ చెప్పేటప్పుడు "రాముడు రావణుణ్ణి చంపాడు, ఇందులో కర్మ ఎవరు?" అనడిగితే వెనక బెంచీ నుంచి "రావణుడి ఖర్మ టీచర్" అని ఒకడు తప్పకుండా అనేవాడు, ఏ బ్యాచ్ అయినా సరే. వాడు అన్నది తప్పు జవాబేం కాదు కూడా.

ఇక అన్నీ ముందే రాసి ఉన్నాయి, మనిషి చేసేది ఏమీ లేదు అనే మాట. అది నిజంగా ఒక సిద్ధాంతమే, కాకపోతే కర్మ సిద్ధాంతం కాదు, దానికి ఎదురు నిలబడ్డ సిద్ధాంతం. బుద్ధుడూ మహావీరుడూ ఉన్న రోజుల్లోనే మక్ఖలి గోశాలుడని ఒకాయన ఉండేవాడు, ఆజీవికులనే సన్యాసుల గుంపుకి పెద్ద, అంతా నియతే, అంటే ముందే ఖాయమైపోయిందే అని చెప్పేవాడు. దారపు ఉండని విసిరేస్తే దారం ఉన్నంతవరకూ దొర్లుకుంటూ విప్పుకుంటూ పోయి ఆగిపోతుంది కదా, జీవులూ అంతే, మూర్ఖుడైనా పండితుడైనా తిరగాల్సినంత తిరిగాక వాటంతటవే ఆగుతాయి, పుణ్యం చేసి తగ్గించుకునేదీ లేదు, పాపం చేసి పెంచుకునేదీ లేదు అని ఆయన వాదన. (ఇది మనకి బౌద్ధ గ్రంథాల ద్వారా తెలుస్తున్న మాట, అంటే ప్రత్యర్థులు రాసిపెట్టింది, ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.) బుద్ధుడు ఈ వాదాన్ని అన్నిటికంటే గట్టిగా ఖండించాడు. మీ ఇంట్లోవాళ్ళు కర్మ పేరు చెప్పి చెప్తున్నది గోశాలుడి మాట, పాపం వాళ్ళకి తెలియదు.

మన వేదాంతంలో కర్మని మూడుగా చెప్తారు. అమ్ములపొదిలో ఉన్న బాణాలు సంచితం, అంటే ఎప్పటినుంచో పోగుపడ్డది. వింటి నుంచి వదిలేసిన బాణం ప్రారబ్ధం, ఇక దాన్ని వెనక్కి పిలవలేం. ఇప్పుడు చేతిలో ఉన్న బాణం ఆగామి, దీన్ని కొట్టాలా, ఎటు కొట్టాలా, అసలు కింద పెట్టేయాలా అన్నది మన ఇష్టం. శంకరాచార్యుల భాష్యాల్లో వదిలిన బాణం పోలిక వస్తుంది. తలరాత అనేవాళ్ళు ఆ ఒక్క బాణం చూపించి మిగతా రెండూ దాచేస్తారు. గీత 18వ అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు అని లెక్క చెప్తాడు కృష్ణుడు, శరీరం, చేసేవాడు, ఇంద్రియాలు, రకరకాల ప్రయత్నాలు, ఆఖర్న "దైవం చైవాత్ర పంచమమ్". దైవం ఉంది, లేదనడంలేదు, కానీ ఐదో కుర్చీలో ఉంది. భారతంలో అరణ్యపర్వంలో ద్రౌపది ఇంకా సూటిగా అంటుంది, విధి మీద భారం వేసి పడుకునేవాడు నీళ్ళలో పెట్టిన పచ్చికుండలా కరిగిపోతాడు అని. కాల్చని కుండ! ఎంత కోపంలో ఉంటే అంత మంచి పోలిక వస్తుందో.

ఇంకో సంగతి. "రాసిపెట్టుంది" అనే మాట రిజల్ట్ వచ్చాకే వినపడుతుంది. అలా అనేవాళ్ళంతా రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసే దాటుతారు. పేపర్లో ఏ ప్రశ్న వస్తుంది, ఎంతమంది రాస్తారు, ఆ రోజు మీకు జ్వరం వస్తుందా, ఇవేవీ మీ చేతిలో లేవు. ఈ రాత్రి పుస్తకం తెరవడం మీ చేతిలో ఉంది, తెరవండి.

ప్రశ్న: అమ్మా, నా బిడ్డ పుట్టుకతోనే గుండె జబ్బుతో పుట్టింది. బంధువులు వచ్చి "పోయిన జన్మలో ఏ పాపం చేసిందో, లేకపోతే మీరు చేశారో" అంటున్నారు. మూడు నెలల పిల్ల ఏం పాపం చేస్తుంది? ఒకవేళ వాళ్ళు చెప్పేది నిజమేనా అని రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదు.

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టేసి, కాసేపాగి మళ్ళీ తీశానమ్మా.

ముందు సూటిగా చెప్తాను, ఆ మాట అనే హక్కు వాళ్ళకి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. బుద్ధుణ్ణి రాజగృహంలో వెదురుతోటలో ఉండగా మోళియ శీవకుడనే పరివ్రాజకుడు సరిగ్గా ఇదే అడిగాడు, మనిషికి వచ్చే సుఖం దుఃఖం అంతా పూర్వకర్మ వల్లే అని కొందరంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి రావడం, ఋతువు మారడం, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటినుంచి దెబ్బ తగలడం, ఎనిమిదోది కర్మ ఫలం. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు లోకానికి కళ్ళెదుట తెలిసిన నిజాన్ని దాటేసి మాట్లాడుతున్నారు అన్నాడు. కర్మని అంత గట్టిగా నమ్మిన మనిషి చెప్పిన మాట ఇది. పిండం ఎదిగేటప్పుడు గుండె గోడలు సరిగ్గా కలవకపోవడం, ఒక కవాటం సరిగ్గా ఏర్పడకపోవడం, వీటికి డాక్టర్లు చెప్పే కారణాలు వేరే ఉన్నాయి, చాలాసార్లు ఫలానా కారణం అని వాళ్ళకే దొరకదు. దొరకని చోటల్లా పాపం అని పూరించేస్తే ఎలా?

భారతం అనుశాసన పర్వంలో గౌతమి కథ ఉంది, విన్నారో లేదో. ముసలావిడ, కొడుకు పాము కరిచి పోయాడు. అర్జునకుడనే బోయవాడు ఆ పాముని తాళ్ళతో కట్టి తెచ్చి, ఎలా చంపమంటావో చెప్పు, నిప్పులో వేయనా, ముక్కలు చేయనా అంటాడు. ఆవిడ వదిలెయ్యి నాయనా, దీన్ని చంపితే నా బిడ్డ లేచొస్తాడా అంటుంది. బోయవాడు వదలడు. పాము నన్ను పంపింది మృత్యువు అంటుంది, మృత్యువు వచ్చి నన్ను నడిపింది కాలం అంటుంది, కాలం వచ్చి మాలో ఎవరమూ కాదు, ఆ పిల్లాడి కర్మే అంటుంది. చివరికి తేలింది కర్మే కదా అని మీ బంధువులు ఎగిరి గంతేయొచ్చు. కానీ కథలో వరస చూడండి. గౌతమి పాముని వదిలెయ్యమన్నది కాలం రాకముందే, కర్మ అనే మాట తేలకముందే. దయ ముందు, వివరణ తర్వాత. ఆఖర్న ఆవిడే "నా కర్మ కూడా ఉందిలే" అని తన గురించి తాను అనుకుంటుంది, పక్కింటివాళ్ళు వచ్చి ఆవిడ మొహం మీద అనలేదు. అసలు భీష్ముడు ఈ కథ ఎవరికి చెప్పాడు? ఇంతమంది నా వల్లే చచ్చిపోయారు అని కుమిలిపోతున్న ధర్మరాజుకి, ఆ బరువు కాస్త దించడానికి. దుఃఖం దించడానికి పుట్టిన కథని మీ ఒళ్ళో బరువు పెట్టడానికి వాడుతున్నారు వీళ్ళు.

బృహదారణ్యక ఉపనిషత్తులో కూడా, జనకుడి సభలో ఆర్తభాగుడనే పండితుడు "మనిషి చచ్చిపోయాక వాక్కు అగ్నిలో, ప్రాణం గాలిలో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే ఇక ఆ మనిషి ఎక్కడ ఉంటాడు" అనడిగితే, అన్ని ప్రశ్నలకీ సభలో గడగడా జవాబులు చెప్పిన యాజ్ఞవల్క్యుడు ఈ ఒక్కదానికి మాత్రం "చెయ్యి ఇటివ్వు, ఇది నలుగురిలో మాట్లాడేది కాదు" అని బయటికి తీసుకెళ్తాడు. వాళ్ళిద్దరూ పక్కకెళ్ళి మాట్లాడుకున్నది కర్మ గురించే. యాజ్ఞవల్క్యుడే సభలో నోరు విప్పని విషయాన్ని మీ బంధువులు మంచం పక్కన నిలబడి తేల్చేస్తున్నారు. ఈసారి వస్తే పాప పడుకుంది అని గుమ్మంలోంచే పంపించేయండి. డాక్టరు ఏ తేదీకి రమ్మన్నారో ఆ తేదీకి వెళ్ళండి, మిమ్మల్ని మీరు తవ్వుకోకండి.

ప్రశ్న: నన్ను నిలువునా ముంచినవాడు కారు కొన్నాడు, ఇల్లు కట్టాడు, హాయిగా ఉన్నాడు. కర్మ వదలదు అంటారు కదా, ఎప్పుడు పట్టుకుంటుంది అక్కా? నాలుగేళ్ళుగా చూస్తున్నా.

జవాబు: నాలుగేళ్ళు వాడి కారు రంగు కూడా మీకు గుర్తుండేలా చూశారు, ఆ నాలుగేళ్ళు ఎవరి ఖాతాలో పడ్డాయంటారు? ఇదే అనుమానం అడవిలో ద్రౌపదికీ వచ్చింది, ధర్మం తప్పనివాడు నారబట్టల్లో ఉన్నాడు, తప్పినవాడు సింహాసనం మీద ఉన్నాడు అని. ధర్మరాజు అప్పుడు ఓపిక పట్టు, వాడికి మూడుతుంది అనలేదు, ఫలం వస్తుందని లెక్కేసుకుని ధర్మంతో బేరమాడేవాడు అధముడు అన్నాడు. మీకు రావాల్సిన డబ్బుంటే కాగితాలు పట్టుకుని లాయర్ని కలవండి, అదీ కర్మే, అసలైన అర్థంలో. వాడి పతనం చూడడం కోసమైతే కుర్చీ వేసుకుని కూర్చోకండి.

ప్రశ్న: "అహంకారం వదిలేస్తే కర్మ అంటదు" అని ప్రవచనాల్లో వింటాను. అహంకారం వదిలేసేది ఎవరు, అహంకారమేనా? ఇంకోటి, రమణ మహర్షి వాళ్ళమ్మకి జరగనిది జరగదు, జరిగేది ఆగదు అని రాసిచ్చారంటారు, మరి అది తలరాత కాదా?

జవాబు: ఇంత మంచి ప్రశ్న వస్తుందనుకోలేదు. దీనికి నాకు వ్యాకరణమే దిక్కు.

అహంకారం అంటే మన వాడుకలో పొగరు. "వాడికి ఒళ్ళంతా అహంకారం" అంటాం. శాస్త్రంలో దాని అర్థం అది కాదు, "అహం" అని తయారు చేసేది, జరుగుతున్న ప్రతిదానికీ "నేను" అనే ముద్ర గుద్దేది. ఆ లెక్కన ఎంతో వినయంగా ఉండే మనిషికీ అది నిండుగా ఉండొచ్చు, "నేనెంత వినయంగా ఉన్నానో" అని ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు.

ఇప్పుడు తెలుగు క్రియ చూడండి. "నేను రాశాను" లో "నేను" తీసేయండి, "రాశాను" మిగిలింది, చివర ఆ "ను" ఉంది చూశారా, తలుపు వేస్తే కిటికీలోంచి వచ్చినట్టు నేను మళ్ళీ వచ్చి కూర్చుంది. "అహంకారం వదిలేశాను" అనండి, అందులోనూ ఉంది. కాబట్టి మీ అనుమానం సరైనదే, దాన్ని అదే వదల్లేదు. కానీ ఆ "ను" ఎప్పుడు వస్తుంది ఎప్పుడు మాయమవుతుంది అనేది మాత్రం భలే పట్టుకోవచ్చు. బళ్ళో పిల్లలు బహుమతి వస్తే "గెలిచాను టీచర్" అంటారు, కిటికీ అద్దం విరిగితే "పగిలిపోయింది టీచర్" అంటారు. ముప్పై ఏళ్ళలో ఒక్కడు కూడా "పగలగొట్టాను" అని మొదటిసారి అడగ్గానే అనలేదు. అద్దం దానంతటదే పగులుతుంది మా బళ్ళో.

పిల్లలదాకా ఎందుకు, నా సంగతే చెప్తాను. మొన్న మా ఫ్యామిలీ గ్రూప్ లో ఒకావిడ నన్ను ఉద్దేశించి ఒక మెసేజ్ పెట్టింది, పేరు పెట్టలేదు గానీ అందరికీ తెలుసు నేనే అని. చదవగానే చెవులు వేడెక్కాయి, అది నా చేతిలో లేదు. మూడు లైన్లు టైప్ చేశాను, చెరిపాను, ఇంకాస్త కారంగా మళ్ళీ టైప్ చేశాను, బొటనవేలు ఆ బాణం గుర్తు మీద ఆగింది, నిజంగానే ఆగింది, ఒక రెండు మూడు సెకన్లు ఉంటుంది. ఆ బటన్ కి బాణం బొమ్మ ఎవరు పెట్టారో గానీ ఆగామి అంటే ఇదే కదా అని నవ్వు కూడా వచ్చింది. నవ్వొచ్చి కూడా పంపేశాను. నీలం టిక్కులు పడేదాకా అలాగే చూస్తూ కూర్చున్నా. సాయంత్రం మా చెల్లెలికి ఫోన్ చేసి "గట్టిగా ఇచ్చానే" అన్నాను. వారం తర్వాత ఆ గొడవ పెద్దదై ఇంటి పెళ్ళి పిలుపుల దాకా వెళ్ళేసరికి అదే చెల్లెలితో "ఏదో కోపంలో వచ్చేసిందే నోట్లోంచి" అన్నాను. చూశారా, ఇచ్చాను కాస్తా వచ్చేసింది అయింది. మంచి అనుకున్నంతసేపు కర్తని నేను, బెడిసికొట్టాక కర్తే లేని వాక్యం. ఇదీ అహంకారం పని చేసే తీరు, గెలుపుకి సంతకం పెడుతుంది, ఓటమి వచ్చేసరికి ఖర్మ వైపు వేలు చూపిస్తుంది. తలరాతా అహంకారమూ ఎదురెదురు పార్టీలనుకుంటాం గానీ రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి.

గీత మూడో అధ్యాయంలో 27వ శ్లోకం ఈ సంగతే చెప్తుంది, పనులన్నీ ప్రకృతి గుణాల వల్ల జరిగిపోతుంటే అహంకారంతో మూఢుడైనవాడు "కర్తాహమ్", చేసేది నేనే అనుకుంటాడు అని. కేనోపనిషత్తులో కథ ఇంకా బావుంటుంది. దేవతలు గెలిచి ఈ గెలుపు మాదే అని మురిసిపోతుంటే ఎదురుగా ఒక యక్షుడు కనపడతాడు. అగ్ని వెళ్ళి నేను ఏదైనా కాల్చేస్తా అంటే ఒక గడ్డిపోచ పెట్టి దీన్ని కాల్చు అంటాడు, కాలదు. వాయువు వెళ్తే అదే గడ్డిపోచ, కదలదు. గడ్డిపోచ!

మరి చేసేది నేను కాదు కాబట్టి నా తప్పేం లేదు అనొచ్చా? ఇదే అసలు ప్రమాదం. అది కూడా అద్దం పగిలిపోయింది టీచర్ లాంటిదే. కర్త నేను కాదు అనే మాట గెలిచినప్పుడు అనగలిగితే దానికో విలువ ఉంది, దొరికిపోయినప్పుడు మాత్రమే అంటే అది లాయరు వాదన.

రమణుల సంగతి. 1898లో వాళ్ళమ్మ వచ్చి ఇంటికి రమ్మని ఏడిస్తే ఆయన కాగితం మీద రాసిచ్చింది నిజమే, ప్రారబ్ధం ప్రకారం నడిపించేవాడు నడిపిస్తాడు, జరగనిది ఎంత ప్రయత్నించినా జరగదు, జరిగేది ఎంత అడ్డుకున్నా ఆగదు, కాబట్టి మౌనంగా ఉండడం మేలు అని. చదివితే తలరాతలాగే ఉంటుంది. కానీ ఆయనే తర్వాత, విధి గెలుస్తుందా ప్రయత్నం గెలుస్తుందా అనే గొడవంతా ఆ రెంటికీ మూలం తెలియనివాళ్ళదే అన్నారు, ఆ "నేను" ఎవరో వెతికినవాడికి విధీ లేదు, స్వేచ్ఛా లేదు. అంటే ఆయన తలరాత ఉంది ప్రయత్నం మానెయ్యి అనడంలేదు, ఎవరి తల అది అని అడుగుతున్నారు. నేను ఆ వెతుకులాటలో ఎంతవరకు వెళ్ళానని అడక్కండి, మెసేజ్ సంగతి చెప్పాను కదా.

ప్రశ్న: పునర్జన్మ ఉందా లేదా? ఉంటే, పోయిన జన్మ గుర్తులేనప్పుడు దానికి ఇప్పుడు శిక్ష వేయడం న్యాయమా? "నేను" అనేదే అబద్ధమైతే మళ్ళీ పుట్టేది ఎవరు?

జవాబు: మూడు ప్రశ్నలు ఒక కవర్లో పెట్టారు.

ఉందా లేదా అంటే, నేను నమ్ముతాను, నిరూపించలేను. చార్వాకులు అప్పట్లోనే లేదు పొమ్మన్నారు, బూడిదైన దేహం మళ్ళీ ఎక్కడినుంచి వస్తుంది అని. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇయాన్ స్టీవెన్సన్ అనే సైకియాట్రిస్టు, పోయిన జన్మ గుర్తుందని చెప్పే పిల్లల్ని దేశదేశాలూ తిరిగి కలిసి 1966లో ఇరవై కేసులతో పుస్తకం వేశాడు, అందులో మన దేశం కేసులూ ఉన్నాయి. ఆయన కూడా పుస్తకం పేరులో పునర్జన్మని "సూచించే" కేసులు అన్నాడే గానీ రుజువు అనలేదు. విమర్శించినవాళ్ళు చాలామంది. ఇంతకంటే తేల్చి చెప్పేవాళ్ళని, అటువైపు వాళ్ళనైనా ఇటువైపు వాళ్ళనైనా, నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఇక శిక్ష అనే మాట. ఇది కోర్టు భాష, కర్మ భాష కాదు. భరతుడి కథ తీసుకోండి, భాగవతం ఐదో స్కంధంలో వస్తుంది, తెలుగులో ఆ స్కంధం పోతన కాదు, గంగన చేశాడు. రాజ్యం వదిలేసి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకునే రాజు, సింహం గర్జనకి బెదిరి దూకిన తల్లి జింక కడుపులోంచి నీళ్ళలో జారిపడ్డ పిల్లని తీసి పెంచాడు. దాన్ని రక్షించడం పాపమా? కాదు, పుణ్యమే. కానీ ఆ తర్వాత ధ్యానంలో అదే, నిద్రలో అదే, కాసేపు కనపడకపోతే గుండె దడ, ప్రాణం పోయేటప్పుడు కూడా కళ్ళు దాని మీదే. జింకై పుట్టాడు. ఎవరూ శిక్ష వేయలేదు, మనసు ఎటు వంగి ఉందో అటు పడ్డాడు, చెట్టు ఏ వైపు వంగితే ఆ వైపే పడుతుంది, అంతే. మూడో జన్మలో జడభరతుడై రహూగణుడనే రాజు పల్లకీ మోస్తూ కింద చీమలు తొక్కుతానేమోనని చూసుకుంటూ నడుస్తుంటే పల్లకీ కుదుపులు పడి రాజు తిట్టాడు. అప్పుడు నోరు విప్పి, మోసేది ఎవరు, మోయించుకునేది ఎవరు రాజా అని అడిగాడు. కర్మ, జన్మ, అహంకారం మూడూ ఒకే కథలో ఉన్నాయి, తీరిగ్గా చదవండి.

గుర్తులేకపోవడం గురించి నాకు తోచింది చెప్తాను. మీకు మాటలు నేర్పింది ఎవరో, మొదటిసారి "నీళ్ళు" అన్న రోజేదో మీకు గుర్తుందా? లేదు. కానీ నోరు తెరిస్తే చాలు, మీది ఏ ఊరి యాసో ఎదుటివాడు పట్టేస్తాడు. జ్ఞాపకం పోయింది, యాస మిగిలింది. శాస్త్రం వాసన, అంటే లోపల మిగిలిపోయే ముద్ర, అనేది దీన్నే అనుకుంటాను. గీత పదిహేనో అధ్యాయంలో గాలి పువ్వుల నుంచి వాసన మోసుకెళ్ళినట్టు జీవుడు ఇంద్రియాల్నీ మనసునీ మోసుకెళ్తాడు అని ఉంది, పువ్వు అక్కడే ఉండిపోతుంది. కాబట్టి మీ పేరూ మీ ఆధార్ కార్డూ మళ్ళీ పుట్టవు, మీ యాస పుడుతుంది.

ఎవరు పుడతారు అన్నదానికి ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. బృహదారణ్యకంలో గడ్డిపోచ చివరికి వెళ్ళిన పురుగు ఇంకో పోచ అందుకున్నాకే దీన్ని వదులుతుంది, ఆత్మా అంతే అని. జైనులు కర్మ అంటే సూక్ష్మమైన పదార్థం, కోపతాపాలతో తడిసిన జీవుడికి ధూళిలా అంటుకుంటుంది, ఆ బరువే తిప్పుతుంది అన్నారు, అందుకే దాన్ని తపస్సుతో దులపాలంటారు. బౌద్ధులైతే అసలు వెళ్ళేవాడే లేడు, వెళ్ళడం మాత్రం ఉంది అన్నారు. మిళిందుడనే రాజు నాగసేనుడనే భిక్షువుని పుట్టేవాడు పోయినవాడేనా వేరేవాడా అనడిగితే, రాత్రంతా వెలిగే దీపంలో మొదటి జాము జ్వాలా ఆఖరి జాము జ్వాలా ఒకటేనా అని ఎదురడిగాడు ఆయన. వాడే కాదు, వేరేవాడూ కాదు. మీ మూడో ప్రశ్నకి నాకు తెలిసి ఇంతకంటే శుభ్రమైన జవాబు లేదు. వేదాంతులు ఒప్పుకోరనుకోండి, వాళ్ళ లెక్కలో దీపాల వెనక వెలుతురు ఒకటుంది.

ప్రశ్న: జాతకంలో పూర్వజన్మ కర్మ దోషం ఉందని, పరిహారం చేయిస్తే పోతుందని ఒకాయన చాలా డబ్బు అడుగుతున్నాడు. చేయించాలా?

జవాబు: చేసిన కర్మ అనుభవించక తప్పదు అని మొదట భయపెట్టేదీ ఆయనే, డబ్బిస్తే తప్పుతుంది అని తర్వాత ధైర్యం చెప్పేదీ ఆయనే. రెండిట్లో ఏదో ఒకటే నిజం కావాలి. గీతలో కర్మల్ని కాల్చి బూడిద చేసేది జ్ఞానాగ్ని అని ఉంది, దానికి రేటు రాయలేదు. మీకు దేవుడి మీద భక్తి ఉంటే దణ్ణం పెట్టుకోండి, అప్పు మాత్రం చేయకండి.

ప్రశ్న: పదకొండేళ్ళ కింద ఆస్తి పంపకాలప్పుడు తమ్ముడికి రావాల్సిన వాటా ఉన్న ఒక కాగితం బయట పెట్టలేదు నేను. వాడికి ఈ రోజుకీ తెలియదు. మాటలు కూడా లేవు, నా దగ్గర వాడి నంబరు లేదు. ఈ మధ్య ఆరోగ్యం బాగోలేక పడుకుంటే అదే గుర్తొస్తోంది. ఈ పాపం ఎన్ని జన్మలు వెంటాడుతుంది, ఏ దానం చేస్తే పోతుంది?

జవాబు: ముందు ఒక సంగతి గమనించాను, "బయట పడలేదు" అని రాయలేదు మీరు, "బయట పెట్టలేదు నేను" అని రాశారు. అద్దం పగలగొట్టాను టీచర్ అన్నట్టు. ఇంత వయసులో అలా రాయడం తేలిక కాదు.

ఎన్ని జన్మలు అనే లెక్క నాకు రాదు, వచ్చు అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. కర్మ నడక లోతు తెలియనిది అని కృష్ణుడంతటివాడే అన్నాడు. మీ ఆరోగ్యానికీ దీనికీ ముడి పెట్టుకోకండి, పైన ఆ తల్లికి చెప్పిందే మీకూ, జబ్బుకి జబ్బు కారణాలుంటాయి. దానం సంగతి అంటారా, తమ్ముడి వాటా మీ దగ్గర పెట్టుకుని గుడికి వెండి ఇస్తే అది దానం అవదు, వాడి డబ్బుతో మీరు పుణ్యం కొనుక్కోవడం అవుతుంది. వదిలేసిన బాణం పదకొండేళ్ళ కిందే పోయింది, దాన్ని పట్టుకోలేం. ఇప్పుడు చేతిలో ఉన్నది ఆ కాగితం. అది ఇంకా ఉందా లేదా ఉత్తరంలో రాయలేదు మీరు. ఉంటే జిరాక్స్ ఒకటి మీ దగ్గర పెట్టుకుని అసలుది కవర్లో పెట్టండి, మీ పిల్లలకి ముందు చెప్పండి, లేకపోతే రేపు వాళ్ళు గొడవ చేస్తారు. తమ్ముడు తిట్టొచ్చు, ఫోన్ పెట్టేయొచ్చు, కోర్టుకీ వెళ్ళొచ్చు, అవి ఆయన చేతిలో ఉన్న బాణాలు. నంబరు లేదన్నారు, చుట్టాల్లో ఎవరో ఒకరి దగ్గర ఉండి ఉంటుంది, అడగండి.